గోడల నిండా ఫోమ్ అతికించాను, అయినా బేస్ మోత తగ్గలేదు. ఎక్కడ పొరపాటు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఇంట్లో ఒక గదిని పాటలు వినడానికే వదిలేశాం. పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు కూడా 10. నాలుగు వైపులా గట్టి ఇటుక గోడలు, కింద టైల్స్, ఒక తలుపు, ఒక కిటికీ. స్పీకర్లు చిన్న గోడ వైపు స్టాండ్ల మీద ఉన్నాయి, వాటి ముఖానికీ వెనక గోడకీ మధ్య 2 అడుగుల దూరం. సోఫా ఎదుటి గోడకి ఆనించి ఉంది.

మొదట్లో చప్పట్లు కొడితే రేకు మోగినట్టు ‘టింగ్’మనేది. అందుకని అంగుళం మందం ఫోమ్ పలకలు తెచ్చి, నా చెయ్యి అందినంత ఎత్తు దాకా నాలుగు గోడలకీ అతికించాను. ఆ మోత పోయింది. కానీ పాటలో జీవం కూడా పోయింది. గొంతులు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టున్నాయి. బేస్ (కింది స్వరాల మోత) మాత్రం అలాగే ఉంది, ఇంకా ఎక్కువైనట్టు కూడా అనిపిస్తోంది. ఫోన్లో టోన్ యాప్ పెట్టి స్పీకర్లలో ఒక్కొక్క స్వరం వినిపించి చూశాను. 47, 48 హెర్ట్జ్ దగ్గర సోఫాలో కూర్చుంటే ఛాతీ మీద కొట్టినట్టుంది. లేచి గది మధ్యకి రాగానే అదే స్వరం మాయం. స్పీకరు పాడైందేమోనని మార్చి చూశాను, అదే తీరు.

ఈ గదిలో నాతో పాటు రోజూ కూర్చునేది మా నాన్నగారు. 71 ఏళ్లు. ‘రాగం తెలుస్తోందిరా, మాటలు అందడం లేదు’ అంటున్నారు. అది నన్ను బాగా కలచివేస్తోంది. ఇంకా మందం ఫోమ్ కొనాలా, పైకప్పుకి కూడా అతికించాలా, గుడ్ల అట్టలు పెట్టమంటున్నారు కొందరు, అవి పనిచేస్తాయా? దయచేసి చెప్పండి.

మొదటి జవాబు

మీరు గది కొలతలూ, సోఫా ఎక్కడుందో, ఏ స్వరం మోగుతోందో అన్నీ రాశారు. సగం పని మీరే చేసేశారు. ఇంకేమీ కొనకండి, ఆగండి. గుడ్ల అట్టల్ని పూర్తిగా మర్చిపోండి. అవి పల్చటి కాగితపు గుజ్జు, పై స్వరాల్లో కాస్త కదలిక తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

12 అడుగుల గది కదా. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 1130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, దాంతో 1130ని భాగించండి. 1130ని 24తో భాగిస్తే 47. మీ చెవి పట్టుకున్నది సరిగ్గా అదే. ఆ స్వరం అల పొడవులో సగం మీ గదిలో అచ్చంగా పడుతుంది. గోడ నుంచి వెనక్కి వచ్చిన అల, ముందుకి పోతున్న అల కలిసి ఒకేచోట నిలబడిపోతాయి. గోడల దగ్గర పీడనం ఎక్కువ, నడిమధ్య దాదాపు సున్నా. సోఫా గోడకి ఆనించి ఉంది కాబట్టి మీరు ఆ గుట్ట మీద కూర్చున్నారు, మధ్యకి రాగానే గుంటలోకి దిగారు. స్పీకరు మార్చినా మారకపోవడానికి కారణం ఇదే. మోగుతున్నది గది.

ఇక ఫోమ్ సంగతి. మెత్తటి పదార్థం శబ్దాన్ని ఎలా తింటుందంటే, దాని సందుల్లో గాలి రేణువులు కదులుతూ రాపిడికి శక్తిని పోగొట్టుకుంటాయి. గోడని ఆనుకున్న చోట గాలి కదలదు, గోడ కదలనివ్వదు. ఎక్కువగా కదిలేది గోడకి పావు అల పొడవు దూరంలో. 47 హెర్ట్జ్ అల పొడవు 24 అడుగులు, అందులో పావు అంటే 6 అడుగులు, అంటే సరిగ్గా మీ గది సగం! అంగుళం ఫోమ్‌కి ఆ అల వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. అంగుళమే పావు వంతయ్యే స్వరం 3400 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే మీరు నాలుగు గోడల మీదా పై స్వరాలని మాత్రమే తినే తొడుగు వేశారు. గదిలో తిరిగి వచ్చే శబ్దంలోంచి మెరుపంతా పోయింది, మోత అంతా మిగిలింది. పైగా కింది స్వరాల మోత పై స్వరాలని కప్పేస్తుంది. చెవి తీరే అంత. నాన్నగారికి అందనివి స, ష, త, క లాంటి హల్లులు, మాటని మాటగా నిలబెట్టేవి అవే. వయసుతో చెవిలో ముందు తగ్గేదీ ఆ పై స్వరాల వినికిడే. రెండు వైపుల నుంచీ ఆయనకే దెబ్బ పడింది.

నేను ఈ పొరపాటు చేసినవాణ్ణే. నాది మీ కంటే కాస్త చిన్న గది, 11 అడుగుల చిల్లర. రెండేళ్లు పల్చటి పలకలు అతికిస్తూ, పీకుతూ గడిపాను. ఒకరోజు మంచం మీద పరుపు ఎండకి వేసి తెస్తూ దారికి అడ్డమని ఈ గదిలో వెనక గోడకి నిలబెట్టాను. అదే సమయంలో పాట నడుస్తోంది. మృదంగం ఎడమచేతి దెబ్బ అంతకుముందు ‘బూమ్‌’మని ముద్దగా ఉండేది, అది ఒక్కసారిగా మొదలూ చివరా ఉన్న దెబ్బగా వినిపించింది. మందం అంటే ఏమిటో ఆ రోజు నాకు చెవితో తెలిసింది. మీరూ డబ్బు పెట్టే ముందు ఇంట్లో ఉన్న పరుపుతో ఈ పరీక్ష చేయండి.

నేనైతే ముందు సోఫా జరుపుతాను. వెనక గోడ నుంచి మీ తల నాలుగున్నర అడుగుల దూరంలో ఉండేలా. గది పొడవులో 38 శాతం దగ్గర కూర్చోవడం అని చాలామంది చెప్పే లెక్క ఇదే. శాసనం కాదు, మొదలుపెట్టడానికి మంచి చోటు. అక్కడ 47 హెర్ట్జ్ గోడ దగ్గరకంటే 8 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. కేవలం 3 అడుగులే జరిపితే మాత్రం 47కి రెట్టింపైన 94 హెర్ట్జ్ గుంటలో పడతారు, అది గది పొడవులో పావు వంతు. నడిమధ్య అసలే వద్దు.

తర్వాత స్పీకర్లు. గోడకి 2 అడుగుల దూరమంటే వెనక్కి పోయి తిరిగొచ్చిన శబ్దం 141 హెర్ట్జ్ దగ్గర ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. మగ గొంతుకి నిండుదనం ఇచ్చేది ఆ ప్రాంతమే. స్పీకర్లని గోడ నుంచి బాగా ముందుకి లాగమని అందరూ అంటారు. పెద్ద గదిలో అది సరే, 12 అడుగుల గదిలో లాగడానికి చోటేదీ? నేను ఎదురు దారి చెబుతాను. గోడ దగ్గరికి నెట్టండి, ముఖం గోడకి అడుగు దూరంలో ఉండేలా. అప్పుడు ఆ గుంట 280 హెర్ట్జ్ చుట్టుపక్కలకి ఎక్కుతుంది. అక్కడ నాలుగంగుళాల ప్యానెల్ (చెక్క చట్రంలో ఉన్ని పలక పెట్టి గుడ్డ కప్పినది) దాన్ని పట్టుకోగలదు. గోడ దగ్గరైనందుకు బేస్ కాస్త పెరుగుతుంది, దాన్ని ఈక్వలైజర్‌తో (ఏ స్వరాన్ని ఎంత గట్టిగా వినిపించాలో సర్దే సాధనం) కోయడం తేలిక. స్పీకరుకి వెనక గాలి రంధ్రం ఉంటే రెండు మూడంగుళాలైనా వదలండి.

ఫోమ్ మాత్రం చాలావరకు పీకేయండి. శ్రమపడి అతికించారని తెలుసు. అయినా పీకేయండి.

రెండో జవాబు

పై జవాబులో ముఖ్యమైనది ఒకటి వదిలేశారు. వెడల్పూ ఎత్తూ రెండూ 10 అడుగులే. రెండింటి స్వరమూ 56 హెర్ట్జే. ఒకదాని మీద ఒకటి పడి రెట్టింపవుతుంది. బేస్ గిటార్‌లో ‘ఎ’ తీగ 55 హెర్ట్జ్, ఆ తీగ మీటినప్పుడల్లా మీ గది ఊగిపోవాలి. పొడవు కంటే ముందు దీన్ని చూడండి. రెండు కొలతలు సమానంగా ఉన్న గదిని ఎంచుకోవడమే సమస్యకి మూలం.

మొదటి జవాబు రాసినవారు

మీరన్నది సూత్రం ప్రకారం నిజమే, నేను రాయాల్సింది. కానీ ఆయన కూర్చునే చోటు చూడండి. పక్క గోడలకి సరిగ్గా మధ్యలో కూర్చుంటే వెడల్పు తాలూకు మొదటి స్వరానికి అది గుంట. పైగా రెండు స్పీకర్లూ ఆ మధ్యగీతకి అటూ ఇటూ సమాన దూరంలో ఉండి ఒకే బేస్ వాయిస్తుంటే, ఒకటి ఆ స్వరాన్ని ఒక పక్కకి నెడుతుంది, రెండోది ఎదురు పక్కకి నెడుతుంది. రెండూ కలిసి రద్దయిపోతాయి. మిగిలేది ఎత్తు తాలూకు 56. అది ఉంటుంది, కొంత వినిపిస్తుంది. కానీ ఆయన టోన్ వేసి చూసినప్పుడు ఛాతీ మీద కొట్టింది 47 కదా. చెవి చెప్పినదాన్ని ముందు నమ్మాలి.

ఇంకోమాట. ఇల్లు ఇచ్చిన గది అది, ఎంచుకోవడం చాలామంది చేతిలో ఉండదు. ఉన్న గదిలో ఏం చేయొచ్చో చూద్దాం.

అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పరుపు పరీక్ష ఈ సాయంత్రమే చేశాను. సోఫా వెనక నిలబెట్టి విన్నాను. 47 అలాగే ఉంది, కానీ దాని పైన ఉన్న బేస్ అంతా శుభ్రపడింది! నమ్మలేకపోయాను. ఇప్పుడు ప్యానెళ్లు చేయాలనుంది. వాటిలో పెట్టే గ్లాస్‌వూల్ (గాజు పీచు ఉన్ని) ఊపిరితిత్తులకి మంచిది కాదంటారు, నాన్నగారు రోజూ కూర్చునే గది కాబట్టి భయం. ఎంత మందం, ఎన్ని, ఎక్కడ? చెక్కపని నాకు కొంచెం వచ్చు.

మూడో జవాబు

ప్యానెళ్ల గురించి నేను చెబుతాను, ఇప్పటికి పద్దెనిమిది చేశాను.

రాక్‌వూల్ (రాతి పీచు ఉన్ని) గానీ గ్లాస్‌వూల్ గానీ, నాలుగంగుళాల ప్యానెల్‌కి ఘనపు మీటరుకి 48 నుంచి 60 కిలోల సాంద్రత ఉన్న పలకలు తీసుకోండి. చెక్క చట్రం లోతు పలకకంటే ఎక్కువ పెట్టి, గోడకీ పలకకీ మధ్య నాలుగంగుళాల ఖాళీ వచ్చేలా చేయండి. ఆ ఖాళీ ఖర్చులేని మందం, దానివల్ల ప్యానెల్ ఇంకా కిందికి పనిచేస్తుంది. చట్రం పక్కలు మూసేయకుండా రంధ్రాలు వదిలితే పక్కల నుంచి కూడా తింటుంది. గుడ్డ ఎంచుకునేటప్పుడు నోటికి అడ్డం పెట్టుకుని ఊదండి. గాలి సులువుగా దాటితే శబ్దం కూడా దాటుతుంది. రెగ్జిన్ లాంటివి వేస్తే పై స్వరాలు తిరిగి గదిలోకే వస్తాయి.

ఊపిరితిత్తుల మాట. కోసేటప్పుడు, పేర్చేటప్పుడు నూగు లేస్తుంది. ఆ పని ఆరుబయట చేయండి. మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. అయ్యాక ఆ బట్టలు విడిగా ఉతకండి. నేను మొదటి ప్యానెల్ ఉత్త చేతులతో చేసి రాత్రంతా దురదతో నిద్రపోలేదు. పలకని ముందు పల్చటి నాన్‌వోవెన్ (నేయని) గుడ్డలో చుట్టి, పైన మామూలు గుడ్డ బిగించండి. అలా మూసి గోడకి వేలాడదీసి కదపకుండా వదిలేస్తే నూగు గదిలోకి రాదు. అయినా మనసు ఒప్పకపోతే పాలిస్టర్ ఉన్ని పలకలు దొరుకుతాయి, దురద ఉండదు, అదే పనికి కాస్త ఎక్కువ మందం పెట్టాలి. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: మామూలు పాలియురేథేన్ ఫోమ్ నిప్పంటుకుంటే క్షణాల్లో వ్యాపిస్తుంది, విషపు పొగ వస్తుంది. రాక్‌వూల్ మండదు. పెద్దవాళ్లు కూర్చునే గదిలో నాకు ఇదే పెద్ద కారణం.

మూలలకి వేరే తీరు. అక్కడ మందం చాలా ఎక్కువ కాబట్టి బరువైన పలక కంటే తేలికపాటి వదులు ఉన్నే మేలు. స్పీకర్ల వెనకున్న రెండు మూలల్లో నేల నుంచి పైకప్పు దాకా, పక్కలు రెండేసి అడుగులుండే ముక్కోణపు స్తంభాల్లా నింపండి. చట్రం చేసే ముందు విప్పని ఉన్ని కట్టలనే మూలల్లో ఒకదానిమీద ఒకటి పేర్చి విని చూడొచ్చు. తేడా నచ్చకపోతే కట్టలు విప్పలేదు కాబట్టి వెనక్కి ఇచ్చేయవచ్చు.

మొదటి జవాబు రాసినవారు

చక్కగా చెప్పారు. ఎక్కడెక్కడ అన్నదానికి నా మాట. మీరు కూర్చుని, ఇంకొకరిని పక్క గోడ వెంట అద్దం జరుపుతూ నడవమనండి. అద్దంలో మీకు స్పీకరు కనిపించిన చోట ఒక ప్యానెల్. అటువైపూ అంతే. పైకప్పు మీద కూడా అదే పద్ధతి. మీ గదిలో పక్క గోడని తాకి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానికంటే సుమారు 2 మిల్లీసెకన్లే ఆలస్యంగా వస్తుంది. అంత దగ్గరగా వచ్చినదాన్ని చెవి వేరే శబ్దంగా పట్టుకోదు, అసలు శబ్దంలోనే కలిపేసుకుంటుంది. దాంతో గొంతు రంగు మారుతుంది, ఎవరు ఎక్కడ నిలబడి పాడుతున్నారో చెదిరిపోతుంది. తర్వాత మీ తల వెనక గోడకి ఆరంగుళాల మందం, ఎంత వెడల్పు వీలైతే అంత. స్పీకర్ల వెనక గోడకి ఒక్కొక్కటి. మూలలు. అంతే. మిగతా గోడలు ఉత్తగా వదలండి. చప్పట్లకి మళ్లీ ‘టింగ్’మంటే ఆ ఎదురెదురు గోడల్లో ఒకదానికి పుస్తకాల బీరువా జరపండి.

గది మరీ చావకూడదు. ఇలాంటి చిన్న గదిలో శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి 0.2 నుంచి 0.4 సెకను పట్టడం హాయిగా ఉంటుంది. ఈ కొలతకి పునాది వేసినవాడు అమెరికా భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్ వాళ్లు ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని ఆయనకి అప్పగిస్తే, పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు రాత్రిపూట మోయించుకొచ్చి, ఒక్కో వరస పరుస్తూ ఆర్గన్ గొట్టం ఊది మోత ఎంతసేపు నిలుస్తుందో లెక్కపెట్టాడు. ఆయన మెత్తలు పనిచేశాయి. అయితే ఆ గొట్టం స్వరం 512 హెర్ట్జ్. మీ 47 దానికి మూడు స్థాయిలకి పైగా కింద ఉంది. మెత్తతో పని అయిపోతుందని మనమందరం నమ్మడానికి కారణం మన చెవి ముందుగా ఆ మధ్య స్వరాలనే వినడం అనుకుంటాను.

కొలవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. యూమిక్-1 లాంటి కొలత మైకు ఒకటి ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకోండి. ఒక్క గ్రాఫ్ మీద ఆగకుండా, మోత కాలంతో ఎలా తగ్గుతుందో చూపే వాటర్‌ఫాల్ బొమ్మ చూడండి. స్వరం ఎంత గట్టిగా ఉందన్నది ఒక సంగతి, ఆగాక ఎంతసేపు వేలాడుతోందన్నది ఇంకో సంగతి. మిమ్మల్ని బాధపెట్టేది రెండోదే కావచ్చు.

అడిగినవారు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఫోమ్ పీకితే సున్నం పెళ్లలతో సహా వచ్చింది, రెండు గోడలకి మళ్లీ రంగు వేయాల్సి వచ్చింది. సోఫా ముందుకి వచ్చింది, స్పీకర్లు గోడ దగ్గరికి వెళ్లాయి, రెండింటి మధ్య 6 అడుగులు పెట్టాను. ఎనిమిది ప్యానెళ్లు, రెండు మూలల స్తంభాలు చేశాను. మైకు ఒక మిత్రుడు ఇచ్చాడు. పాత చోట కొలిస్తే 47 దగ్గర 14 డెసిబెల్స్ గుట్ట. కొత్త చోట ప్యానెళ్లు లేకుండానే 6. మూలలు నింపాక 5. ఆ మిగిలిన 5 ఈక్వలైజర్‌తో కోశాను. సోఫా జరపడానికి అయిన ఖర్చు సున్నా, ఎక్కువ లాభం దానివల్లే వచ్చింది.

నాన్నగారి సంగతి చెప్పాలి. ఒక పాత పాట చరణంలో ఆయన ఏళ్ల తరబడి ఒక మాట తప్పుగా పాడుకునేవారు. నిన్న విన్నారు, మళ్లీ వేయమన్నారు, ఆ తర్వాత సరైన మాటతో పాడుకున్నారు. నేను పక్కనే కూర్చున్నాను.

ఒక్కటి మిగిలింది. 63 హెర్ట్జ్ దగ్గర గుంట ఉంది. ఈక్వలైజర్‌లో 8 డెసిబెల్స్ ఎత్తినా నిండడం లేదు, వూఫర్ (స్పీకరులో బేస్ వాయించే పెద్ద కోన్) మాత్రం లోపలికీ బయటికీ భయంకరంగా ఊగుతోంది.

మొదటి జవాబు రాసినవారు

నాన్నగారి మాట చదివి చాలా సంతోషమైంది. మీరు ఆ 8 డెసిబెల్స్ వెంటనే తీసేయండి. అంటే యాంప్లిఫయరుని ఆరు రెట్లకి పైగా శక్తి అడుగుతున్నట్టు. గుంటలో ఎంత పోసినా అది నిండదు. నేరుగా వచ్చే అల ఎంత పెరిగితే వెనక గోడని తాకి వచ్చి దాన్ని కొట్టేసే అల కూడా అంతే పెరుగుతుంది. మీ తల వెనక నాలుగున్నర అడుగులు కదా, దానికి నాలుగు రెట్లు 18. 1130ని 18తో భాగిస్తే 63. ఆరంగుళాల ప్యానెల్ దాన్ని ఆపలేదు.

చెవి గుట్టల్ని పట్టుకున్నంతగా సన్నటి గుంటల్ని పట్టుకోదు. పాట వింటుంటే లోటు తెలియకపోతే వదిలేయండి. తెలుస్తుంటే సోఫాని వేలెడేసి చొప్పున ముందుకి జరుపుతూ ప్రతిసారీ కొలవండి. తల వెనక 5 అడుగులకి వస్తే గుంట 56 దగ్గరికి దిగుతుంది. అక్కడ మీ గది ఎత్తు తాలూకు స్వరం ఉంది, ఆ గుట్టా ఈ గుంటా కొంత సర్దుకునే వీలుంది. అప్పుడు 47 కూడా ఇంకాస్త తగ్గుతుంది కాబట్టి అక్కడ పెట్టిన కోతని మళ్లీ సరిచూసుకోండి. గ్రాఫ్ ఇక్కడ పెడితే చూస్తాను.